ప్రోగ్రామ్ రాయడమే నేరమా?

2018 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు ఒక్క సర్క్యులర్‌తో క్రిప్టో వ్యాపారానికి బ్యాంకుల తలుపులు మూయించింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. నియంత్రించే అధికారం రిజర్వ్ బ్యాంకుకు ఉందని అంగీకరిస్తూనే, బ్యాంకులకు వాటిల్లిన నష్టమేమిటో చూపకుండా అంతటి వేటు వేయడం దామాషా సూత్రానికి విరుద్ధమని తేల్చింది. అధికారం ఉండటం వేరు, దానికి హద్దు లేకపోవడం వేరు.

2023 మార్చిలో కేంద్రం క్రిప్టో సేవలను మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి తెచ్చింది. అదైనా ఇతరుల కోసం వ్యాపారంగా లావాదేవీలు నడిపేవారికే వర్తిస్తుంది. ఆ గీత సరైనదే. ప్రజల సొమ్ము చేతబట్టిన ఎక్స్ఛేంజీని లెక్కలడగండి, తప్పుచేస్తే శిక్షించండి. ఎవరి సొమ్మునూ తాకకుండా ప్రోగ్రామ్ రాసి లోకానికి వదిలినవాడిని అదే గాటన కట్టడం ఏ న్యాయం?

అమెరికాలో ఈ గీత చెరిగిపోతోంది. టోర్నడో క్యాష్‌లో ఎవరూ మార్చలేని ప్రోగ్రామ్ ఎవరి ఆస్తీ కాదని, దానిపై ఆంక్షలు చెల్లవని 2024 నవంబరులో అప్పీళ్ల కోర్టు చెప్పింది. అయినా 2025లో జ్యూరీ దాని రూపకర్తల్లో ఒకరిని లైసెన్సు లేని నగదు బదిలీ కుట్రలో దోషిగా తేల్చింది.

మనకా దుస్థితి వద్దు. ప్రోగ్రామ్ కూడా రాతే. రాతను అడ్డుకోవాలంటే రాజ్యాంగంలోని 19(2) అధికరణం చెప్పిన కారణాల్లో ఒకటి చూపాలి. పాలకుల భయం ఆ జాబితాలో లేదు.