పోటు రాకముందు

దానం చేయదలచినవాడు ఆ సొమ్మేదో ఇచ్చివేస్తే సరిపోదా? దానికై సుమారు 8 మైళ్లు తడి ఇసుకలో నడవడమెందుకు? ఇంగ్లండు వాయవ్య తీరాన మోర్‌కాంబ్ అఖాతంలో జరిగే దాతృత్వ నడకలను గూర్చి మొదట చదివినప్పుడు మాకు కలిగిన సందేహమిది. వందలాది జనం గుంపుగూడి, "మేము నడుస్తాము, మీరింత ఇవ్వండి" అని బంధుమిత్రుల వద్ద చందాలు వ్రాయించుకొంటారు; నడక ముగిశాక ఆ సొమ్మును సేవాసంస్థలకు అందజేస్తారు. గుప్తదానమే గొప్పదని పెద్దల వలన విన్న మాకు ఇందులో ఆడంబరమే కనిపించింది. ఆ అభిప్రాయాన్ని ఇప్పుడు సవరించుకొంటున్నాము, పూర్తిగా కాకపోయినా.

మేము ఆ ఇసుకపై నడిచినవారము కాము. చదివి తెలుసుకొన్నదే చెప్పుచున్నాము. అఖాతపు వైశాల్యం సుమారు 310 చదరపు కిలోమీటర్లు. ఆటు వేళ నీరు మైళ్ల కొలది వెనుకకు పోయి, చదునైన మైదానం వంటి నేల బయల్పడుతుంది. కాని అందులో ఊబులున్నవి. కెంట్ నది పాయ తరచు దారి మార్చుకొంటుంది. నిన్న గట్టిగా నిలిచిన చోటనే నేడు కాలు దిగబడవచ్చు. పోటు ఎదుటి నుండే రాదు, పల్లపు కాలువల గుండా వెనుక నుండి కూడ చుట్టుముడుతుంది. 1857లో రైలు మార్గం పడక మునుపు బండ్లు, బాటసారులు ఈ దారినే పోయేవారు. ఎందరో మునిగిపోయారు.

అందుచేతనే అక్కడ 16వ శతాబ్దం నుండి రాజనియమితుడైన మార్గదర్శి ఉంటున్నాడు. బెస్తవృత్తిలో పెరిగిన సెడ్రిక్ రాబిన్సన్ 1963 నుండి 2019 వరకు, అనగా 56 ఏండ్లు, ఆ పని చేశాడు, 2021లో మరణించాడు. ఆయన జీతం ఏడాదికి 15 పౌండ్లు, ఉండడానికొక ఇల్లు! నడకకు ముందే తాను వెళ్లి, ఇసుకను పరీక్షించి, క్షేమమైన దారి పొడుగునా లారెల్ కొమ్మలు నాటివచ్చేవాడు. నది దాటేచోట జనాన్ని ఒకరి వెనుక ఒకరుగా పోనివ్వక, పక్కపక్కన బారుగా నిలిపి దాటించేవాడు. ఒకేచోట అన్ని పాదాలు పడితే ఇసుక మెత్తబడుతుంది కదా!

ఇదే అఖాతంలో 2004 ఫిబ్రవరి 5వ తేదీ రాత్రి, ఇసుకలోని గుల్లలు ఏరుతున్న చైనా కూలీలు కనీసం 21 మంది పోటులో చిక్కి మరణించారు. ఆ సముద్రపు పోకడ గాని, ఆ దేశపు భాష గాని సరిగా తెలియని నిరుపేదలు వారు. వారిని పనికి దించిన ముఠామేస్త్రీకి 2006లో 14 సంవత్సరాల శిక్ష పడింది. అటువంటి మేస్త్రీలకు లైసెన్సు ఉండితీరాలని 2004లోనే చట్టం వచ్చింది. వారికి పని చూపినవాడున్నాడు, దారి చూపినవాడు లేడు. వినోదంగా నడిచే దాతలకు దొరికిన మార్గదర్శి, పొట్టకూటికై దిగినవారికి దొరకకపోవడం మమ్ములను చాలకాలం కలతపెట్టింది.

ఈ సంగతిని కళాశాల సంచికలో ఎందుకు వ్రాస్తున్నామో కమిటీ పెద్దలు ఈపాటికి గ్రహించే ఉంటారు. మన సహాయనిధి నుండి పేద విద్యార్థులకు ఫీజు కడుతున్నాము, సంతోషమే. కాని ఇంట్లో మొట్టమొదట కళాశాల గడప తొక్కిన పిల్లవాడు స్కాలర్‌షిప్ దరఖాస్తు గడువు తెలియక, పాఠం అర్థం కాలేదని అడగడానికి బిడియపడి, అర్ధసంవత్సర పరీక్షలనాటికి కనబడకుండా పోతాడు. వాని ఫీజు రసీదు మాత్రం మన దస్త్రాలలో భద్రంగా ఉంటుంది. దాతల పేర్లు సభలో చదవడం మానమని మేమనము. ఒక్కొక్క విద్యార్థి పేరు కూడ ఒక్కొక్క అధ్యాపకునికి అప్పగించమని మా మనవి. వచ్చే ప్రవేశాలు ముగియగానే జాబితా ఇప్పిస్తే, మొదటి పదిమందిని మేమే తీసుకొంటాము.