పీఠమును విడిచి పురుషుని తూచువారు

శ్రీలంకలో 2024 సెప్టెంబరు 21న జరిగిన ఎన్నికలో అనుర కుమార దిసనాయక అధ్యక్షుడుగా గెలుపొందెను. ఆనాటినుండి ఆ దేశపు ఓటరు ఒకే ప్రశ్నను పలువిధములుగా అడుగుచున్నాడు: ఈయన మన ఆశలను తీర్చెనా? నూఱు దినములు నిండినప్పుడు అడిగెను. ఏడాది నిండినప్పుడు అడిగెను. అంగడిలో కొబ్బరికాయ ధర పెరిగినప్పుడెల్ల అడిగెను. ప్రశ్న సహజమైనదే. ఓటు వేసినవానికి లెక్క అడుగు హక్కు కలదు. కాని ఈ లెక్కలో ఒక పద్దు ప్రతిసారియు విడిచిపోవుచున్నది. విడిచిపోయిన ఆ పద్దే తక్కిన పద్దులన్నింటికంటె పెద్దది.

ముందు ఓటరు వ్రాసికొన్న పద్దులనే చూడవచ్చును. దిసనాయక గెలుపు సామాన్యమైనది కాదు. మొదటి లెక్కింపులో ఆయనకు వచ్చినవి 42 శాతము ఓట్లు. సగము దాటిన అభ్యర్థి ఒక్కడును లేనందున, ఆ దేశ చరిత్రలో మొట్టమొదటిసారిగా తరువాతి ప్రాధాన్య ఓట్లను లెక్కింపవలసి వచ్చినది. అంతకు ముందటి పార్లమెంటులో ఆయన కూటమియైన జాతీయ జనశక్తికి ఉండిన స్థానములు 3. నవంబరు 14 నాటి సాధారణ ఎన్నికలలో 225 స్థానములకుగాను 159 వచ్చినవి. అంతకంటె వింతయైనది జాఫ్నా సంగతి. సెప్టెంబరులో ఆయనకు మిక్కిలి స్వల్పముగా ఓట్లు వేసిన ఆ తమిళ జిల్లా, రెండు నెలలు తిరుగకముందే తన 6 స్థానములలో 3 స్థానములను ఆయన పక్షమునకు ఒప్పగించెను. సింహళ నాయకత్వముగల దక్షిణాది పక్షమునకు అచ్చట అగ్రస్థానము అంతకు మునుపు దక్కి యుండలేదు.

ఇంతటి ఆశకు కారణము 2022. ఆ యేడు ఏప్రిలులో దేశము విదేశీ ఋణములను చెల్లింపజాలనని ప్రకటించినది. సెప్టెంబరునాటికి ధరల పెరుగుదల సుమారు 70 శాతమునకు చేరినది. పెట్రోలు కొరకును వంట గ్యాసు కొరకును బారులు తీరి నిలిచిన జనము, ఇన్నాళ్లు తమ్ము పాలించిన కుటుంబములవారు గాక వేరొకడు కావలెనని కోరుట న్యాయమే. ఆ కోరిక కొంతవఱకు తీరినది. ధరలు నిలకడకు వచ్చినవి. మాజీ అధ్యక్షులకు ప్రభుత్వ భవనములు మొదలగు భోగములిచ్చు శాసనము 2025 సెప్టెంబరులో రద్దయినది. మహింద రాజపక్ష కొలంబోలోని భవనమును ఖాళీ చేసి వెడలెను. ఇవి జమ పద్దులు. ఖర్చు పద్దులును కలవు. అంతర్జాతీయ ద్రవ్యనిధితో పూర్వ ప్రభుత్వము చేసికొన్న ఒడంబడికను ఎన్నికలకు ముందు విమర్శించినవారే, ఎన్నికల పిదప దానిని తుచ తప్పక నడపుచు వచ్చిరి. 1979 నాటి ఉగ్రవాద నిరోధక శాసనమును రద్దుచేయుదుమన్నారు; 2025 ముగియునప్పటికి అది రద్దు కాలేదు. రాష్ట్ర మండలులకు 2014 తరువాత ఎన్నికలు లేవు; 2025లోను జరుగలేదు. అందుచేతనే కాబోలు, సాధారణ ఎన్నికలలో 61 శాతము దాటిన ఆ కూటమి ఓట్లు 2025 మే నెల స్థానిక ఎన్నికలలో 43 శాతమునకు దిగినవి. జాఫ్నా ప్రాంతమున తమిళ పక్షములు మరల పైచేయి సాధించినవి.

ఈ పద్దులను చూచి అక్కడి ఓటర్లు రెండు జట్లుగా చీలి వాదించుకొనుచున్నారు. డెబ్బదియైదేండ్ల కశ్మలమును ఒక్క యేటిలో ఎవడు కడుగగలడు, ఓపిక పట్టవలెనని ఒక జట్టు. మాటిచ్చి తప్పినాడు, ఈయనయు ఆ తానులోని ముక్కయేనని రెండవ జట్టు. పైకి వీరు బద్ధవిరోధులు. లోపల ఇరువురిదియు ఒకే నమ్మకము. దేశపు మేలుకీడులు ఒక్క మనుష్యుని చేతిలో ఉండుట ప్రకృతిసిద్ధమనియు, ఓటరు చేయదగినదెల్ల ఆ మనుష్యుడు మంచివాడా కాడా యని కనిపెట్టుటయే యనియు ఇరువురును నమ్ముచున్నారు. తక్కెడ తప్పుడుదైనప్పుడు తూకమును గూర్చి తగవులాడి ప్రయోజనమేమి?

ఆ పీఠము ప్రకృతి ఇచ్చినది కాదు. 1972 నుండి 1978 వఱకు శ్రీలంకలో అధ్యక్షుడు అలంకారప్రాయుడు మాత్రమే, పాలన ప్రధానమంత్రిది. 1977 ఎన్నికలలో 168 స్థానములకు 140 గెలిచిన జె. ఆర్. జయవర్ధనె ఆ బలముతో రాజ్యాంగమును మార్చి, 1978 ఫిబ్రవరి 4న తానే మొదటి కార్యనిర్వాహక అధ్యక్షుడయ్యెను. రాజ్యమునకు అధినేత, ప్రభుత్వమునకు అధినేత, సేనలకు అధిపతి ఒక్కడే. పదవిలో ఉన్నంత కాలము ఆయనపై న్యాయస్థానమున వ్యాజ్యము నడువదు. అది యెక్కడికి దారితీయునో వామపక్ష నాయకుడు ఎన్. ఎం. పెరీరా తన మరణమునకు కొలదికాలము ముందు ఒక పుస్తకమే వ్రాసి హెచ్చరించెను. వినినవారు తక్కువ. నాలుగేండ్లు గడువకముందే జయవర్ధనె తన పక్షపు సభ్యులందఱి చేతను తేదీలేని రాజీనామా పత్రములు వ్రాయించి దగ్గఱ పెట్టుకొనెను. 1982 డిసెంబరులో ప్రజాభిప్రాయ సేకరణమను పేర, సాధారణ ఎన్నికలు లేకుండగనే పార్లమెంటు ఆయువును మఱి ఆఱేండ్లు పొడిగించెను. ఓటరు ఓటుతోనే ఓటరు హక్కును వాయిదా వేయించిన ఘనత ఆ పీఠమునకు దక్కినది.

అప్పటినుండి ఆ పీఠమును రద్దుచేయుదుమను వాగ్దానమే ఆ పీఠమునెక్కుటకు మెట్టయినది. ఈ వాగ్దాన చరిత్రలో 1994 సంవత్సరము ప్రత్యేకముగా చెప్పదగినది. ఆ యేటి అధ్యక్ష ఎన్నికలో చంద్రికా కుమారతుంగ, 1995 జులై 15 నాటికి అధ్యక్ష పాలనను రద్దు చేయుదునని తేదీతో సహా మాటిచ్చెను. ఆ మాటను నమ్మి తన అభ్యర్థిని పోటీనుండి విరమింపజేసిన పక్షమొకటి కలదు. ఆ పక్షము జనతా విముక్తి పెరమున. అనగా నేటి అధ్యక్షుడు దిసనాయక నడపుచున్న పక్షమే. అధ్యక్ష పీఠపు బలము ఎట్టిదో వారికి పుస్తకములు చదివి తెలిసినది కాదు. 1987 మొదలు 1989 వఱకు సాగిన వారి రెండవ తిరుగుబాటును ప్రభుత్వము నెత్తుటిలో ముంచి అణచెను. వారి నాయకుడు రోహణ విజెవీర బందీయై ఉండగనే చంపబడెను. ఆ కాలమున వారి చేతులకును నెత్తురు అంటిన మాట మఱవరాదు. ఏమైనను, పీఠము పోవలెనను వారి కోరికకు అనుభవము పునాది.

చంద్రికకు 62 శాతము ఓట్లు వచ్చినవి. 1995 జులై 15 వచ్చినది, పోయినది. 2000 ఆగస్టులో ఒక కొత్త రాజ్యాంగపు బిల్లు సభకు వచ్చి, కావలసిన ఓట్లు లేక నిలిచిపోయినది. వాయిదా దాటిన నోటును తిరుగవ్రాయుట మాత్రము ఆగలేదు. 2005లో మహింద రాజపక్ష ప్రణాళికలోను ఈ ప్రస్తావన ఉండెను. గెలిచినపిదప 2010లో ఆయన చేసినది, రెండుసార్లకు మించి పోటీచేయరాదను నిబంధనను తొలగించుకొనుట. 2015 జనవరిలో మైత్రీపాల సిరిసేన అదే మాటతో గెలిచెను. ఆయన కాలమున, ఆ యేడు ఏప్రిలులో, పందొమ్మిదవ సవరణ అధికారమును కొంత తగ్గించిన మాట నిజము. తక్కినవారితో పోల్చిన ఇది మేలే. అయినను మిగిలిన అధికారమే చాలునని 2018 అక్టోబరు 26న ప్రధానమంత్రిని తొలగించి, నవంబరులో పార్లమెంటునే రద్దుచేసెను. అది రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు డిసెంబరు 13న ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. 2019లో వచ్చిన గోతాబయ రాజపక్ష మఱుసటి యేడే ఇరువదియవ సవరణతో పోయిన బలమును తిరిగి తెచ్చుకొనెను. ఆ బలముతో 2021 ఏప్రిలులో ఒక్క ఆజ్ఞచే రసాయన ఎరువుల దిగుమతిని నిషేధించెను. వరిపొలములును తేయాకు తోటలును ఆ ఆజ్ఞ ఫలితమును ఆ యేడే అనుభవించినవి.

పీఠమును సమర్థించువారి వాదములు రెండు ముఖ్యమైనవి. బలమైన కార్యనిర్వాహకుడు లేనిదే దేశము నిలువదనునది మొదటిది. 1983 నుండి 2009 వఱకు ఇరువదియాఱేండ్ల అంతర్యుద్ధము ఆ బలవంతుని ఏలుబడిలోనే నడచినది. 2022 దివాలా ఆ బలవంతుని ఏలుబడిలోనే వచ్చినది. ఇక నిలుచుట యనగా నేమో వారే చెప్పవలెను. 2025 నవంబరు చివర దిత్వా తుఫాను 600కు పైగా ప్రాణములు బలిగొన్నప్పుడు అధ్యక్షుడు అత్యవసర పరిస్థితిని ప్రకటించెను గదా, ఆ అధికారము లేకున్న గతి యేమి యందురు. ఆ అధికారమునకు ఆధారమైన ప్రజాభద్రతా శాసనము 1947 నాటిది. అప్పటికి దేశమునకు స్వాతంత్ర్యమే రాలేదు, అధ్యక్షుడెక్కడ?

రెండవ వాదము కొంత మర్యాదగలది. దేశమంతయు ఒకే నియోజకవర్గమైనప్పుడు, అధ్యక్షుడు కాగోరువాడు తమిళుల ఓటును, ముస్లిముల ఓటును అడుగక తప్పదు గనుక, అల్పసంఖ్యాకులకు ఈ పీఠమే రక్ష యని కొందఱు మైనారిటీ నాయకులు సయితము నమ్మిరి. లెక్క ప్రకారము ఇది చక్కగనే ఉన్నది. జరిగినది వేఱు. 2005లో పులుల బహిష్కరణము వలన ఉత్తరాది ఓటర్లు దాదాపు ఓటు వేయనే లేదు. ఫలితము సుమారు 1,80,000 ఓట్ల తేడాతో తేలినది. ఓటు వేయకపోవుటయే దేశాధ్యక్షుని నిర్ణయించినది. 2019లో గోతాబయ ఉత్తర, తూర్పు రాష్ట్రములలో ఘోరముగా ఓడి, సింహళ జిల్లాల ఓట్లతోనే 52 శాతము సంపాదించెను. అనగా అల్పసంఖ్యాకుల ఓటు లేకుండగనే గెలువవచ్చునని ఆ యెన్నిక బాహాటముగా చూపినది. గెలిచినపిదప సర్వాధికారము ఒక్కనిదే. ఓడిన జిల్లాలకు అందులో పాలు లేదు. రక్షయన్న గొడుగు ఎండ కాచినప్పుడే ముడుచుకొనునది యైన, దానిని మోయుట యెందుకు? అధికారము పంచబడవలసినది రాష్ట్ర మండలులకు. 1987 నాటి పదమూడవ సవరణతో పుట్టిన ఆ మండలులు ఎన్నికైన సభ్యులు లేక గవర్నర్ల చేతిలో పడియుండ, గవర్నర్లను నియమించునది మరల ఆ పీఠమే.

నాయకులను నిందించి ఓటరును విడిచిపెట్టుట న్యాయము కాదు. 2022 జులై 9న వేలకొలది జనము అధ్యక్ష భవనమున ప్రవేశించి, ఈతకొలనులో ఈదిరి, పడకలపై పొర్లిరి. గోతాబయ దేశము విడిచి పారిపోయెను. ఆ ఉద్యమమున పీఠమే పోవలెనని కోరినవారు లేకపోలేదు. కాని అందఱి నోట వినబడినది ‘గోటా, ఇంటికి పో’ అను నినాదము. ఆ మనిషి ఇంటికి పోయెను. జులై 20న పార్లమెంటు ఆ పీఠముపై రణిల్ విక్రమసింఘెను కూర్చుండబెట్టినది. పీఠము ఒక్క వారము కూడ ఖాళీగా ఉండలేదు.

రాజును వెదకుట ఆ ద్వీపమున పాత అలవాటు. కండీ కడపటి రాజులు మధుర నాయకుల బంధువర్గమునకు చెందినవారు, తెలుగు మూలములు గలవారు. వారిలో చివరివాడైన శ్రీ విక్రమ రాజసింహుని 1815లో ఆంగ్లేయులు పట్టుకొని, పిదప వేలూరు కోటకు పంపిరి. ఆయన 1832లో అచ్చటనే మరణించెను. ఇంగ్లండుకు తరలిపోయిన ఆ సింహాసనము 1934లో తిరిగి వచ్చి కొలంబో మ్యూజియమునకు చేరినది. బడిపిల్లలు దానిని చూచి వెళ్లుదురు. దానివలన ఎవ్వరికిని హాని లేదు. 1978లో చేయించుకొన్న సింహాసనమునకు మాత్రము మ్యూజియములో చోటు దొరకలేదు.

కాబట్టి ‘ఆశలు తీర్చెనా’ అని దిసనాయకను అడుగువారు, కొబ్బరికాయ ధరను అడిగినంత గట్టిగా ఒక పాత అప్పును గూర్చియు అడుగవలసి యున్నది. ఆ అప్పు 1994లో ఆయన పక్షమే ఇచ్చినది. 2024 ప్రణాళికలో ఆయన పక్షమే నెత్తికెత్తుకొన్నది. ఋణదాతయే ఋణగ్రస్తుడైన విచిత్రమిది. వెనుకటివారు సభలో బలము లేదని సాకు చెప్పిరి. రాజ్యాంగమును మార్చుటకు సభలో కావలసినవి 150 ఓట్లు. ఈయనకు 159 కలవు. ఆపై ప్రజాభిప్రాయ సేకరణము కావలెను. ఆ ప్రజలే గదా ప్రశ్న అడుగుచున్నవారు. 2025 ముగియునప్పటికి అట్టి బిల్లు సభ ముందుకు రాలేదు. పదవీకాలము 2029 వఱకు ఉన్నది, తొందర యేమని ఆయన అభిమానులు అనుచున్నారు. చంద్రిక అభిమానులును 1995లో అదే మాట అనిరి. బిల్లు వ్రాయుటకు వ్యవధి కావలెనన్న మాట కూడ చెల్లదు. 2018 సెప్టెంబరులో, పార్లమెంటులో వ్రేళ్లపై లెక్కింపదగిన బలముతో ఉన్న దినములలో, జనతా విముక్తి పెరమున అధ్యక్ష పాలనను రద్దుచేయు బిల్లును తానే సభలో ప్రవేశపెట్టి యుండెను.