ఆ 12,912 బడుల మాటేమిటి?

టీచర్లు సమ్మె మాట ఎత్తారో లేదో, పిల్లల చదువు ఏం కావాలంటూ గగ్గోలు మొదలవుతుంది. మంత్రులదీ, టీవీ చర్చల్లో కూర్చునేవారిదీ అదే పాట. ప్రభుత్వ ఉపాధ్యాయులకు సంఘం పెట్టుకునే హక్కుతో పాటు సమ్మె హక్కూ ఉండి తీరాలి. కాదనేవారు ముందు ఒక అంకె చూడాలి: 12,912.

కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ 2024-25 నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క టీచరుతోనే నడుస్తున్న బడులు అన్ని. దేశంలో మనమే ముందున్నాం. ప్రాథమిక బడిలో పిల్లలు 60 మందికి మించకపోయినా ఇద్దరు టీచర్లు ఉండాలని విద్యాహక్కు చట్టం 2009లోనే చెప్పింది.

ఒక్క టీచరే ఉన్న బడిలో ఒకటి నుంచి ఐదు దాకా అందరూ ఒకే గదిలో కూర్చుంటారు. రెండో తరగతికి ఎక్కాలు చెబుతున్నంతసేపూ ఐదో తరగతి పిల్లలు చూచిరాత రాసుకోవాలి. ఈలోగా యాప్‌లో హాజరు ఎక్కించాలి, మధ్యాహ్న భోజనం లెక్క చూడాలి. ఆ టీచరు స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి వెళ్లినా, జ్వరంతో సెలవు పెట్టినా, పక్క ఊరి నుంచి ఎవరినైనా సర్దితేనే ఆ రోజు పాఠం. లేకుంటే లేదు. 12,912 చోట్ల ఇదీ పరిస్థితి. దీని మీద గగ్గోలు పెట్టిందెవరు?

తరగతికో టీచరు కావాలన్నది ఉపాధ్యాయ సంఘాల పాత డిమాండే. వినతిపత్రాలు ఇచ్చీ ఇచ్చీ అలసిపోయారు. పోనీ మరో దారి ఉందా? పారిశ్రామిక వివాదాల చట్టం కింద టీచరు కార్మికుడు కాడని 1988లో సుందరంబాళ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. దాంతో లేబర్ కోర్టు తలుపు మూసుకుంది. 2003లో తమిళనాడు ప్రభుత్వం సుమారు 1,70,000 మంది ఉద్యోగులు, టీచర్లను ఒక్క వేటుతో తొలగించింది. అప్పుడు రంగరాజన్ కేసులో అదే కోర్టు, ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే నైతిక హక్కు కూడా లేదంది. లేబర్ కోర్టుకు వెళ్లే వీల్లేదు, సమ్మెకు దిగే వీల్లేదు. మరి ఎక్కడ అడగాలి?

పరీక్షల ముందు బడి మూతపడితే నష్టపోయేది పేద పిల్లలే, నిజం. అందుకు ముందస్తు నోటీసు తప్పనిసరి చేయండి, పరీక్షల రోజుల్లో సమ్మె వద్దనండి. కేంద్ర ఉద్యోగుల జీతాలు, పని గంటల వివాదాలకు సంయుక్త సంప్రదింపుల (జేసీఎం) పథకం కింద 1966 నుంచే మధ్యవర్తిత్వం ఉంది. అలాంటిది ఇక్కడా పెట్టండి. హక్కుకు హద్దులు పెట్టడం వేరు, హక్కే లేదనడం వేరు.

జీతాల కోసమే రోడ్డెక్కుతారని ఎత్తిపొడిచేవారికి ఒకటే ప్రశ్న. జీతం అడగడం ఎప్పటి నుంచి నేరమైంది? ఒక్క రోజు సమ్మె చేసిన టీచరుకు జీతం కోస్తారు, షోకాజ్ ఇస్తారు, అత్యవసర సేవల చట్టం ఎస్మా పేరు చెప్పి బెదిరిస్తారు. ఏడాది పొడవునా 12,912 బడులకు రెండో టీచరును ఇవ్వని అధికారుల్లో ఎవరి జీతం కోశారు? ఏ మంత్రికి నోటీసు ఇచ్చారు? పిల్లల పేరు చెప్పి టీచరు నోరు నొక్కే ముందు, ఆ పిల్లలకు చట్టం రాసిచ్చిన రెండో టీచరును పంపండి.