కళ్లు మూసుకుంటే కిలోలు కరిగిపోతాయా? హిప్నాసిస్ ప్యాకేజీల వెనుక అసలు లెక్క ఇదీ..

‘డైట్ వద్దు, జిమ్ వద్దు.. కళ్లు మూసుకోండి చాలు, 21 రోజుల్లో పది కిలోలు మాయం!’ ఫోన్‌లో రీల్స్ చూస్తుంటే ఇలాంటి ప్రకటనలు మీకూ తగిలే ఉంటాయి. హిప్నాసిస్‌తో బరువు తగ్గిస్తామంటూ వేల రూపాయల ప్యాకేజీలు అమ్ముతున్నారు.

మరి ఇది నిజమా? మోసమా? హిప్నాసిస్ పూర్తిగా బోగస్ కాదు. కానీ ప్రకటనల్లో చెప్పేది వేరు, పరిశోధనల్లో తేలింది వేరు. ఆ తేడా తెలియకపోతే జేబుకీ, ఒంటికీ రెండింటికీ నష్టమే.

ఎందుకింత గిరాకీ?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఏపీలో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం మహిళలు అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. దేశ సగటు 24 శాతమే. 2025లో మౌంజారో, వెగోవీ లాంటి ఇంజెక్షన్లు మన మార్కెట్లోకి వచ్చాయి. కానీ వాటికి ఖర్చుంది, డాక్టర్ పర్యవేక్షణ తప్పనిసరి. సర్జరీ అంటే ఇంకా భయం. అందుకే ‘సూది లేదు, కోత లేదు’ అనే మాట ఇట్టే ఆకట్టుకుంటోంది.

స్టేజీ మీద చూసింది వేరు

తెలుగువాళ్లకు హిప్నాటిజం అంటే వెంటనే గుర్తొచ్చేది బీవీ పట్టాభిరామ్ షోలే. స్టేజీ మీద చూసి, మనిషిని పూర్తిగా వశం చేసుకుంటారని చాలామంది అనుకుంటారు. చికిత్సలో అలా ఉండదు. మీరు నిద్రపోరు, స్పృహలోనే ఉంటారు. ఒళ్లు వదులు చేయించి, దృష్టి ఒకచోట నిలిపి.. ‘కడుపు నిండగానే ఆపేస్తాను’ లాంటి సూచనలు మనసుకు అలవాటు చేస్తారు. ఇది అందరి మీదా ఒకేలా పనిచేయదు. కొందరు త్వరగా స్పందిస్తారు, కొందరు అసలు స్పందించరు.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

1995లో అమెరికా సైకాలజిస్టు ఇర్వింగ్ కిర్ష్ బృందం 18 పరిశోధనలను కలిపి చూసింది. కౌన్సెలింగ్‌కి హిప్నాసిస్ తోడైతే ఫలితం బాగా పెరుగుతుందని, ముఖ్యంగా బరువు విషయంలో ఇది కనిపిస్తోందని చెప్పింది. మరుసటి ఏడాదే డేవిడ్ ఆలిసన్, మైల్స్ ఫెయిత్ ఆ లెక్కను మళ్లీ తిరగేసి తప్పులు పట్టారు. సరిచేస్తే ప్రభావం చాలా చిన్నదని తేల్చారు. కిర్ష్ మళ్లీ లెక్కేశారు. హిప్నాసిస్ లేకుండా సగటున 2.7 కిలోలు, దాంతో కలిపి 5.4 కిలోలు తగ్గారని చెప్పారు. అంటే అనుకూలంగా వాదించిన మనిషి లెక్కలో కూడా తేడా మూడు కిలోల లోపే!

1998లో బ్రిటన్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో స్లీప్ ఆప్నియా ఉన్న 60 మందిపై ప్రయోగం చేశారు. మూడు నెలలకు అందరూ తగ్గింది 2 నుంచి 3 శాతం బరువే. 18 నెలల తర్వాత చూస్తే.. ఒత్తిడి తగ్గించే హిప్నోథెరపీ తీసుకున్న గ్రూపులో మాత్రమే చెప్పుకోదగ్గ తగ్గుదల మిగిలింది. అదీ సగటున 3.8 కిలోలు.

ఎవరికి ఉపయోగం?

2022లో వచ్చిన ఫ్రాన్స్ పరిశోధన ఇక్కడ కీలకం. తిండి కనిపిస్తే ఆపుకోలేని 82 మందిని తీసుకున్నారు. అందరికీ ఆహారంపై అవగాహన కల్పించారు, సగం మందికి అదనంగా హిప్నాసిస్ ఇచ్చారు. ఎనిమిది నెలలకు హిప్నాసిస్ గ్రూపులో 67.7 శాతం మంది ఆ అలవాటు నుంచి బయటపడ్డారు. రెండో గ్రూపులో ఇది 11.1 శాతమే. మరి బరువు? రెండు గ్రూపుల మధ్య తేడా 1.8 కిలోలు. 85 కిలోల మనిషికి ఇది రెండు శాతం.

అంటే విషయం స్పష్టం. హిప్నాసిస్ నేరుగా కొవ్వు కరిగించదు. టెన్షన్‌లో మిక్చర్ ప్యాకెట్ ఖాళీ చేసేవాళ్లకి, ఆకలి లేకపోయినా అర్ధరాత్రి బిర్యానీ ఆర్డర్ పెట్టేవాళ్లకి ఆ చెయ్యి ఆపడంలో సాయం చేయొచ్చు. థైరాయిడ్ వల్లో, వాడే మందుల వల్లో బరువు పెరిగితే మాత్రం ముందు డాక్టర్ దగ్గరకే వెళ్లాలి.

డబ్బు కట్టేముందు ఇవి అడగండి

* చేసేది ఎవరు? 2003 నవంబరు నాటి కేంద్ర ఆరోగ్య శాఖ ఉత్తర్వుల ప్రకారం హిప్నోథెరపీ ఒక చికిత్సా పద్ధతి మాత్రమే. రిజిస్టర్డ్ వైద్యులు లేదా తగిన శిక్షణ ఉన్నవారే చేయాలి. వారాంతపు కోర్సు సర్టిఫికెట్ చూపిస్తే ఆలోచించుకోండి.
* డైట్, నడక ప్లాన్‌లో ఉన్నాయా? ‘ఏం తిన్నా ఫర్వాలేదు’ అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.
* ‘ఇన్ని కిలోలు గ్యారంటీ’ అంటున్నారా? అది రాతపూర్వకంగా ఇవ్వమనండి. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద రూ.10 లక్షల వరకు జరిమానా ఉంది. ఫిర్యాదుకు 1915కి కాల్ చేయొచ్చు.

ఇంకో మాట. సైకోసిస్ లాంటి మానసిక సమస్యలు ఉన్నవాళ్లకు హిప్నాసిస్ మంచిది కాదు. సెషన్లు మొదలయ్యాయి కదా అని షుగర్, బీపీ మాత్రలు మానేయడం అన్నిటికంటే ప్రమాదం.

ఒక్క మాటలో చెప్పాలంటే.. హిప్నాసిస్ చేతికర్ర లాంటిది. నడిచేవాళ్లకి ఆసరా ఇస్తుంది. మన బదులు అది నడవదు.