యాంటిసెప్టిక్ సీసా ఒక్కటే చాలదు

దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒక యాంటిసెప్టిక్ సీసా ఉంటుంది. పిల్లవాడు మోకాలు గీసుకుంటే ముందు దానికోసమే వెతుకుతాం. ఇంతకీ ఆ మాటకు అర్థమేమిటి?

గ్రీకు భాషలో ‘సెప్సిస్’ అంటే కుళ్ళిపోవడం. ‘యాంటి’ అంటే వ్యతిరేకం. పుండు కుళ్ళకుండా అడ్డుకునేది యాంటిసెప్టిక్. ఈ మాటకు విలువ తెచ్చినవారు జోసెఫ్ లిస్టర్ అనే సర్జన్. 1865 ఆగస్టులో గ్లాస్గోలో, బండి చక్రం కింద పడి కాలు విరిగిన 11 ఏళ్ళ బాలుడి గాయానికి ఆయన కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన కట్టు కట్టారు. చర్మం చీలి ఎముక విరిగితే ఆ రోజుల్లో తరచుగా కాలే తీసేసేవారు. ఈ బాలుడి గాయం మాత్రం చీము పట్టకుండా మానింది. ఆ కార్బాలిక్ ఆమ్లాన్ని మొదట తీసింది బొగ్గు తారు నుంచి. మన ఉక్కు కర్మాగారంలో బొగ్గును కోక్‌గా మార్చేటప్పుడు వచ్చేదీ అలాంటి తారే.

తరువాత ‘ఎసెప్సిస్’ అనే మాట వాడుకలోకి వచ్చింది. ఇక్కడ ‘ఎ’ అంటే లేకుండా అని. మన ‘అన్యాయం’, ‘అశుభ్రం’ మాటల్లోని ‘అ’కు ఇది చుట్టమే. చేరిన క్రిములను చంపడం యాంటిసెప్సిస్. అసలు చేరనివ్వకపోవడం ఎసెప్సిస్. ఆపరేషన్ పనిముట్లను 121 డిగ్రీల ఆవిరిలో ఉంచేది అందుకే.

ఇళ్ళకు ఈ రెండో మాటే ముఖ్యమని మా అభిప్రాయం. కానీ మనం సీసానే నమ్ముకున్నాం. బయటి నుంచి వచ్చి, చేతులు కడగకుండానే పసిబిడ్డను ఎత్తుకుంటాం. బొడ్డుకు పసుపు, బూడిద రాస్తాం. కాలినచోట కాఫీపొడి చల్లుతాం. తరువాత సీసా మూత తీస్తాం. నీళ్ళు కలపవలసిన లోషన్‌ను అలాగే పోస్తే చర్మమే దెబ్బతింటుంది.

తప్పంతా బంధువులదే అనడం లేదు. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, పురుడు పోసేముందు క్లోరిన్ కలిసిన సున్నపు నీళ్ళతో చేతులు కడగమని చెప్పింది తోటి డాక్టర్లకే. బాలింతల మరణాలు బాగా తగ్గాయి. అయినా చాలామంది వైద్యులు ఆయన మాట వినలేదు. మేమూ మనుషులమే, పని ఒత్తిడిలో మరచిపోతాం. “డాక్టరుగారూ, చేతులు కడుక్కున్నారా?” అని అడగండి. మేము నొచ్చుకోము.

మీకు మా మనవి కూడా అదే. పరామర్శకో, ప్రార్థనకో వార్డుకు వచ్చినప్పుడు సబ్బుతో కనీసం 20 సెకన్లు చేతులు కడుక్కుని మంచం దగ్గరకు రండి. దగ్గు, జలుబు ఉంటే తగ్గాక రండి. ఇంట్లో గాయమైతే ముందు మీ చేతులు, ఆ తరువాత గాయం, మంచినీటితో కడగండి. లోతైన గాయమైతే టెటనస్ ఇంజక్షన్ కోసం వెంటనే ఆస్పత్రికి రండి. సీసా ఇంట్లో ఉండనివ్వండి. సబ్బు మాత్రం చేతికి అందేచోట ఉంచండి.