గుహలో చేప చెప్పే పాఠం

బస్తర్ పేరు పత్రికలకెక్కిందంటే అది తుపాకుల వార్తో, ఇనుప ఖనిజం వార్తో అయి ఉండటం పరిపాటి. ఆ అడవులు జీవ పరిణామ శాస్త్రానికి సహజ ప్రయోగశాల అన్న సంగతి చాలామందికి తెలియదు. జగదల్‌పూర్ సమీపాన, 1982లో ఏర్పడిన కాంగేర్ లోయ జాతీయ ఉద్యానవనంలోని కుటుంసర్ సున్నపురాతి గుహ ఇందుకు నిదర్శనం. వెలుతురు చొరని ఆ గుహ నీటిలో ఒక చిన్న చేప జీవిస్తోంది. అదే జాతి చేపలు బయటి వాగుల్లో చక్కని కళ్లతో, రంగు మచ్చలతో తిరుగుతుండగా గుహలోని వాటికి కళ్లు కుంచించుకుపోయాయి, రంగు వెలిసిపోయింది. రాయ్‌పూర్ పరిశోధకులు ఏళ్ల తరబడి ఈ చేపను అధ్యయనం చేశారు.

వాడకపోవడం వల్లే కళ్లు పోయాయని సామాన్యంగా అనుకుంటారు. శాస్త్రం చెప్పేది అది కాదు. ఒక జీవి తన జీవితకాలంలో కోల్పోయిన శక్తి సంతానానికి అలాగే సంక్రమించదు. చూపు మందగించిన చేప వెలుగులో శత్రువుకు సులువుగా చిక్కుతుంది. చీకటిలో ఆ లోపం వల్ల దానికి నష్టం లేదు. పైగా కంటికి, చూపును గ్రహించే మెదడు భాగానికి ఎంతో శక్తి ఖర్చవుతుంది. ఆహారం అరుదైన చోట ఆ ఖర్చు తప్పడం లాభమే కావచ్చు. మెక్సికో గుహల్లోని చేపలపై జరిగిన పరిశోధనలూ ఇటువంటి వివరణకే బలం చేకూర్చాయి. ఇంత గహనమైన విషయాన్ని పల్లె విద్యార్థికి సైతం కళ్లకు కట్టించగల ఉదాహరణ బస్తర్‌లోనే ఉంది.

అయితే ఈ శాస్త్రంపై ఉపన్యాసాలు, విద్యార్థి సదస్సులు అధికంగా మహానగరాలకే పరిమితమవుతుండటం శోచనీయం. భారత జీవ పరిణామ శాస్త్రవేత్తల సంఘం తొలి సదస్సుకు 2019లో బెంగళూరు వేదికైంది. జగదల్‌పూర్ కళాశాల విద్యార్థి అటువంటి సభకు వెళ్లాలంటే రైలు ఖర్చు, బస ఖర్చు, ప్రవేశ రుసుము భరించాలి. వాటన్నింటికీ మించిన అడ్డంకి ఆంగ్లం.

పాఠశాల స్థాయిలోనూ తలుపులు మూసుకుంటున్నాయి. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి 10వ తరగతి విజ్ఞాన శాస్త్ర పుస్తకం నుంచి జీవ పరిణామ పాఠాన్ని తొలగించింది. 2023లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు, విజ్ఞాన ప్రియులు బహిరంగ లేఖ ద్వారా దీనికి నిరసన తెలిపారు. 12వ తరగతి జీవశాస్త్రంలో ఆ పాఠం ఉన్నమాట నిజమే. కానీ 10తోనే చదువు ఆపేవారికి, ఇతర శాస్త్రాలు ఎంచుకునేవారికి అది అందదు. పుస్తకంలో పాఠం లేనప్పుడు ఉపన్యాసాలకు, సదస్సులకు ప్రాధాన్యం రెట్టింపవుతుంది.

ఖరీదైన పరికరాలు లేనిదే పరిశోధన సాగదన్న వాదన నిలువదు. 1957లో బ్రిటన్ వీడి కలకత్తా చేరిన సుప్రసిద్ధ జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ ఈ దేశంలో కంటితో చూసి, లెక్కించి చేయగల పరిశోధనను ప్రోత్సహించారు. పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యరికంలో లాంటానా పొదలపై ఏ రంగు పూలకు ఏ సీతాకోకచిలుకలు వస్తున్నాయో గమనించి లెక్కించారు. ఈ పరిశీలనతో పరిణామ శాస్త్రంలో ఒక ముఖ్య ప్రశ్నను తడిమారు. భువనేశ్వర్‌లో 1964లో కన్నుమూసిన హాల్డేన్ భౌతిక కాయం ఆయన అభీష్టం మేరకు కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరడం తెలుగువారు గుర్తుంచుకోదగినది. నాటి శిష్యులు చేసిన పనికి కావలసిన పుస్తకం, పెన్సిలు, ఓర్పు నేడు బస్తర్ విద్యార్థికీ అందుబాటులోనివే.

2008లో ఏర్పడిన విశ్వవిద్యాలయం జగదల్‌పూర్‌లోనే ఉంది. ఏటా 2, 3 రోజుల సదస్సును అక్కడ హిందీ, హల్బీ, గోండి భాషల్లో నిర్వహించడం అసాధ్యమేమీ కాదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ వంటి సంస్థల శాస్త్రవేత్తలు విద్యార్థుల వద్దకు వెళ్లాలి. డార్విన్ 1859 నాటి తన గ్రంథాన్ని మనిషి పెంచే పశుపక్ష్యాదులు, పంటలలోని భేదాలతోనే ప్రారంభించారు. తరతరాలుగా మేలైన వరి విత్తనం ఏరి దాచుకున్న బస్తర్ రైతు ఆ సదస్సులో శ్రోతగా కాక ఉపాధ్యాయునిగా కూర్చోవడం సముచితం. గుహ దర్శనం మాత్రం పరిమితంగా ఉండాలి. మనుషుల రద్దీ, దీపాల వెలుగు ఆ మూగజీవాలకు చేటు.

కాంగేర్ నీరు కొలాబ్‌లో కలిసి, శబరిగా మారి, కూనవరం వద్ద గోదావరిని చేరుతోంది. ఈ నీటి బంధుత్వం రీత్యా చింతూరు, భద్రాచలం ప్రాంతాల కళాశాలలకూ ఆ సదస్సులో చోటుండాలి. ఇందుకయ్యే వ్యయం స్వల్పం. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వమూ, కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖా ఆ మాత్రం నిధులు సమకూర్చడానికి వెనుకాడరాదు. తన ఊరి చేప ఎందుకు గుడ్డిదైందో తెలుసుకునే అవకాశం బస్తర్ బిడ్డకు దక్కకపోవడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.