కనుమ గారెలకి పప్పు ఎక్కడిది?



కనుమ నాడు మినుము తినాలని మన పెద్దలు అంటారు కదా. అందుకే మా కోస్తాలో ఆ రోజు పొద్దున టిఫిన్ ఏంటని ఎవరూ అడగరు. గారెలే. తినే ఇళ్లలో పక్కన నాటుకోడి పులుసు, తినని ఇళ్లలో అల్లం పచ్చడి. నా గొడవ గారెల గురించి కాదండి, ఆ పప్పు ఎక్కడ నుంచి వస్తోందనే దాని గురించి.

మా డెల్టాలో మినుము వేయని రైతు తక్కువ. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నేలలో పదును ఉండగానే ఎకరానికి 16 నుంచి 18 కిలోల విత్తనం చల్లేస్తాం. సంక్రాంతికి ఆ చేను ఇంకా పూత మీదో, పిందె మీదో ఉంటుంది. అంటే పండక్కి కొత్త బియ్యం చేతికొస్తాయి గానీ, గారెలకి కావాల్సింది మాత్రం నిరుడు మార్చిలో ఇంటికొచ్చిన గింజ. పది నెలలు దాచుకోవాలి. మరి మనం చేస్తున్నదేంటి? కళ్లంలోనే మొత్తం కాటా వేసి అమ్మేసి, భోగి ముందు రోజు టౌనుకెళ్లి తెల్లటి గుళ్ల ప్యాకెట్ తెచ్చుకుంటున్నాం.

2025-26కి మినుముకి మద్దతు ధర క్వింటాకి 7,800 రూపాయలు, కిలో 78. ఆ రేటుకి షాపులో గుళ్లు ఇస్తారా? మిల్లు ఖర్చు, తరుగు ఉంటాయి, నేనూ పప్పు ఆడించి అమ్మేవాణ్ణే కాబట్టి కాదనను. కానీ పండించినవాడు తన ఇంటి పదిహేను కిలోలకి కూడా ఆ తేడా కట్టడం నాకు అస్సలు మింగుడుపడదు.

పురుగు పడుతుంది, అందుకే దాచం అంటారు. పెంకు పురుగు గుడ్లు పెట్టేది ఎక్కువగా నిండు గింజ మీద. బాగా ఎండబెట్టి, ఆరాక, పొట్టుతోనే పప్పుగా విరగ్గొట్టించి గాలి చొరబడని డబ్బాలో పోస్తే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. పైన ఎండిన వేపాకు వేస్తాం. నెలకోసారి మూత తీసి చూసుకోవాలి, అంతే.

ఇంకో సంగతి. కనుమ పశువుల పండగ. పొట్టు పప్పు కడిగితే వచ్చే పొట్టు కుడితిలోకి వెళ్తుంది, మనకి గారె, ఆవుకి పొట్టు. ప్యాకెట్ గుళ్లతో ఆవుకి మిగిలేదేమీ లేదు. దానికి బదులు ప్రేమ కొద్దీ బేసిన్ల కొద్దీ పొంగలి పెడుతున్నారు. దయచేసి వద్దు. అలవాటు లేని అన్నం ఒక్కసారి ఎక్కువైతే పొట్టలో ఆమ్లం పెరిగి పశువు మేత మానేస్తుంది, ఒక్కోసారి ప్రాణం మీదకే వస్తుంది. ప్రసాదంగా గుప్పెడు చాలు.

“పొట్టు పప్పు కడగడం ఎవరి వల్ల అవుతుంది తమ్ముడూ” అని మా దగ్గర పప్పు కొనే అక్కలు ఫోన్లో అంటుంటారు. న్యాయమైన మాటే. పండగ పూట తెల్లారకముందే లేచి రుబ్బేది వాళ్లు, లేచి తినేది మనం. అందుకే మా ఇంట్లో పని ముందే పంచుకుంటాం. పన్నెండు మందికి కిలో పప్పు. ముక్కనుమ కాదు, కనుమ ముందు సాయంత్రం, అంటే సంక్రాంతి నాడు ఐదింటికి నానబోస్తాం. నాలుగు గంటలు చాలు, ఎక్కువ నానితే గారె నూనె పీలుస్తుంది. కడగడం నాది, వీడియోలో చూపించాను, పెద్ద గిన్నెలో నీళ్లు పోసి పిసికితే పొట్టు దానంతటదే పైకి తేలుతుంది. గ్రైండర్ దగ్గర మా తమ్ముడు, నీళ్లు చిలకరించి గట్టిగా రుబ్బుతాడు. పిండి రాత్రి ఫ్రిజ్‌లో పెడతాం, ఉప్పు మాత్రం పొద్దునే వేయాలి, ముందే వేస్తే పిండి జారుతుంది. పచ్చడి అమ్మది. గారె తట్టడం మా ఆవిడది, ఆ గుండ్రం నాకు రాదు.

ఈ ఏడాదికి ప్యాకెట్ కొనేసి ఉంటే కొనేశారు. ఇప్పుడు చేలో ఉన్న మినుములోంచి ఇంటికెంతో ఇంట్లో ఈ పండగకే తేల్చుకోండి. మార్చిలో వ్యాపారి కాటా తెచ్చాక ఆ మాట నోట్లోంచి రాదు.